తీసేసిన కోచ్‌కి కోట్లు ఎందుకు కడతారు? జీతాల పరిమితిలో కోచ్ ఎందుకు ఉండడు?

ఈస్ట్‌స్టాండ్ (ప్రశ్న)

ఆటగాడి జీతం దగ్గర పైసా పైసా లెక్కగట్టే లీగులు, కోచ్ జీతం దగ్గరికొచ్చేసరికి ఎందుకు పట్టించుకోవు? దీనికి సూటి జవాబు ఎక్కడా దొరకలేదు. తెలిసినవాళ్లు చెప్తారని అడుగుతున్నాను.

నన్ను కలవరపెట్టిన కేసులు రెండు. ఒకటి, అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ. 2023 నవంబరు 12న కోచ్ జింబో ఫిషర్‌ని తీసేశారు. అక్కడ ఆయన లెక్క 45 గెలుపులు, 25 ఓటములు. పంపేసినందుకు కట్టాల్సింది సుమారు 7.68 కోట్ల డాలర్లు. రెండోది అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో డెట్రాయిట్ పిస్టన్స్. 2023లో మాంటీ విలియమ్స్‌తో ఆరేళ్లకి 7.85 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. మొదటి సీజన్‌లో 14 గెలిచి 68 ఓడారు, అందులో వరసగా 28 ఓటములు. 2024 జూన్‌లో పంపేశారు. అప్పటికి ఇంకా ఐదేళ్ల కాంట్రాక్టు మిగిలి ఉంది.

ఇవి చదివితే కడుపు మండిపోతుంది. ఆ డబ్బంతా చివరికి టికెట్ కొన్నవాళ్లది, చందా ఇచ్చినవాళ్లది, టీవీలో మ్యాచ్ చూడ్డానికి నెలనెలా కట్టినవాళ్లది.

తీసేసిన కోచ్‌కి మిగతా డబ్బంతా కట్టి తీరాలా? తగ్గించే దారి కాంట్రాక్టులోనే ఏదైనా ఉంటుందా? జీతాల పరిమితిలో (జట్టు ఆటగాళ్ల మీద పెట్టే ఖర్చుకి లీగు గీసిన గీత) కోచ్‌ని ఎందుకు కలపరు? పెట్టిన ఖర్చు గిట్టుబాటయిందో లేదో బయటినుంచి చూసే అభిమాని ఎలా లెక్క వేసుకోవాలి?


ఫైన్‌ప్రింట్

కోచ్‌ని పంపేసిన రోజున నష్టం జరిగిందని అందరూ అనుకుంటారు. అసలు నష్టం కాంట్రాక్టు పొడిగించిన రోజునే జరిగిపోయి ఉంటుంది.

ఫిషర్ కేసే చూడండి. 2017 చివర్లో తెచ్చుకున్నప్పుడు పదేళ్లకి 7.5 కోట్ల డాలర్లు, మొత్తం గ్యారంటీ. 2020లో జట్టు 9 గెలిచి ఒక్కటే ఓడింది. ఆ ఊపులో, 2027తో అయిపోవాల్సిన ఒప్పందాన్ని 2021లో 2031 దాకా పొడిగించి జీతం కూడా పెంచారు. కలిపిన ఆ నాలుగేళ్లకీ పూర్తి గ్యారంటీయే ఇచ్చారు. ఇలాంటి సంతకం ఆ ఏడాది బడ్జెట్ మీద పెద్ద భారంలా కనబడదు, పెరిగిన జీతం మేరకే తెలుస్తుంది. అసలు బరువు చివరి ఏళ్లలో ఉంటుంది, దాన్ని ఆ రోజున ఎవరూ కూడిక వేసి చూడరు.

కోచ్ కాంట్రాక్టు చేతికొస్తే జీతం అంకె కంటే ముందు నేను చూడమనేది గ్యారంటీ శాతం. కారణం లేకుండా తీసేస్తే మిగిలిన జీతంలో ఎంత కట్టాలన్నది అక్కడ ఉంటుంది. నూరు శాతం ఉండొచ్చు, 70 ఉండొచ్చు, ఏడాది గడిచేకొద్దీ తగ్గేలా కూడా రాసుకోవచ్చు. ఇక్కడ ‘కారణం’ అంటే ఓడిపోవడం కాదు. నిబంధనలు ఉల్లంఘించడం, దుష్ప్రవర్తన, విధులు వదిలేయడం లాంటివి. ఎన్ని మ్యాచ్‌లు ఓడినా అది కారణం కిందికి రాదు.

తర్వాత మినహాయింపు క్లాజు. తీసేసిన కోచ్ ఇంకో జట్టులో చేరితే, అక్కడి జీతం మేరకు పాత జట్టు బాకీ తగ్గుతుందా లేదా? దాని పక్కనే ఇంకో మాట ఉండాలి: కోచ్ నిజాయితీగా కొత్త ఉద్యోగం వెతుక్కోవాలి, దానికి బజారు రేటు జీతం తీసుకోవాలి. ఈ రెండో మాట లేకపోతే మొదటిదాంతో పెద్దగా లాభం లేదు. ఎలాగంటే, ఐదేళ్లకి ఏడాదికి 10 చొప్పున ఒప్పందం అనుకోండి (కోట్లయినా, లక్షలయినా లెక్క ఒకటే). రెండేళ్లకి తీసేశారు. మిగిలింది 30. గ్యారంటీ 80 శాతం, అంటే బాకీ 24. కోచ్‌కి ఏడాదికి 6 ఇచ్చే కొత్త జట్టు దొరికితే మూడేళ్లకి 18 పోతుంది, పాత జట్టు కట్టేది 6 మాత్రమే. అదే కోచ్, పాత జట్టు ఎలాగూ కడుతోంది కదా అని, కొత్తచోట సలహాదారు పేరుతో ఏడాదికి 1 తీసుకున్నాడనుకోండి. పాత జట్టు 21 కడుతుంది, కొత్త జట్టుకి మంచి కోచ్ దాదాపు ఉచితంగా దొరుకుతాడు. బజారు రేటు మాట రాయించుకోకపోతే జరిగేది ఇదే.

ఫిషర్ కాంట్రాక్టులో ఈ మినహాయింపు అసలు లేదు. ఆయన ఎక్కడ చేరినా బాకీ తగ్గదు. పోలికకి పెన్ స్టేట్ యూనివర్సిటీని చూడండి. 2025 అక్టోబరులో జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని తీసేసినప్పుడు బాకీ సుమారు 4.9 కోట్ల డాలర్లు అన్నారు. వాళ్ల ఒప్పందంలో మినహాయింపు ఉంది. నెల దాటిన కొద్ది రోజులకే ఆయన వర్జీనియా టెక్‌కి వెళ్లారు, చివరికి సుమారు 90 లక్షల డాలర్లకి ఒప్పందం కుదిరింది. ఒక్క క్లాజు విలువ అంత ఉంటుంది.

వాయిదాల సంగతి కూడా మర్చిపోకూడదు. ఫిషర్‌కి 60 రోజుల్లో నాలుగో వంతు, అంటే 1.92 కోట్లు, మిగతాది ఏడాదికి 72 లక్షల చొప్పున 2031 దాకా. ఆబర్న్ యూనివర్సిటీ 2020 డిసెంబరులో కోచ్ గస్ మాల్జాన్‌ని తీసేసినప్పుడు బాకీ 2.14 కోట్ల పైచిలుకు, అందులో సగం 30 రోజుల్లోనే కట్టాలని రాసుంది. మొత్తం చిన్నదే అయినా వెంటనే నగదు కావాలంటే దాతల దగ్గరికి పరుగెత్తాల్సిందే.

ఇంకొకటి. ‘ఇన్ని మ్యాచ్‌లు గెలిస్తే ఇంకో ఏడాది దానంతట అదే కలుస్తుంది’ అనే క్లాజు కనబడితే జాగ్రత్తగా చదవండి. జట్టు ఓ మోస్తరుగా ఆడుతున్నా మిగిలిన ఏళ్లు తగ్గవు. మూడేళ్లు గడిచాక కూడా బాకీ మొదటి రోజున ఉన్నంతే ఉంటుంది.


మిడాన్

జీతాల పరిమితి ప్రశ్నకి నేను చెప్తాను. జీతాల పరిమితి ఖర్చు తగ్గించడానికే పెట్టారని మనం అనుకుంటాం, కానీ అమెరికా లీగుల్లో దాని పుట్టుక వేరు. అది యజమానులకీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఆదాయం పంచుకునే ఒప్పందం. అమెరికన్ ఫుట్‌బాల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆటగాళ్లకి ఆదాయంలో 48 శాతానికి తగ్గకూడదు, ఎన్‌బీఏలో 49 నుంచి 51 శాతం మధ్య ఉండాలి. ఆ వాటాని జట్ల సంఖ్యతో భాగించి, కొన్ని సర్దుబాట్లు చేస్తే పరిమితి అంకె వస్తుంది. 2025కి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్టుకి 27.92 కోట్ల డాలర్లు, 2025-26కి ఎన్‌బీఏలో 15.46 కోట్లు. కోచ్‌లు ఆ సంఘంలో లేరు, ఆ వాటాలోనూ లేరు. వాళ్లని లోపలికి లాగితే ఆటగాళ్ల డబ్బులోంచి కోచ్‌కి ఇచ్చినట్టవుతుంది, సంఘం చచ్చినా ఒప్పుకోదు.

ఐపీఎల్‌లో పుట్టుక వేరు గానీ ఫలితం అదే. 2025 మెగా వేలానికి జట్టుకి 120 కోట్ల రూపాయల పర్సు. అది ఆటగాళ్లని కొనడానికే. హెడ్ కోచ్, బౌలింగ్ కోచ్, ఫిజియోలు, అనలిస్టులు, స్కౌట్లు, శిబిరాలు అన్నీ పర్సు బయటే.

ఒకచోట కట్ట వేస్తే నీళ్లు ఇంకోచోట పొర్లుతాయి. ఆటగాళ్ల మీద అందరూ ఒకేలా ఖర్చు పెట్టాల్సి వచ్చినప్పుడు, డబ్బున్న యజమాని తేడా చూపించగలిగేది పరిమితి లేనిచోటే: కోచింగ్ బృందం, డేటా, వైద్యం, శిక్షణ కేంద్రం. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇది పరాకాష్ఠకి చేరింది. ఆటగాళ్లకి నేరుగా జీతం ఇవ్వకూడదన్న రోజుల్లో వచ్చిన టీవీ డబ్బంతా కోచ్‌లకీ కట్టడాలకీ పోయింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం తర్వాతే యూనివర్సిటీలు క్రీడాకారులకి నేరుగా పంచడం మొదలైంది. 2025-26కి దాని పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు, అది అన్ని ఆటలకీ కలిపి. తీసేసిన ఒక్క ఫిషర్ బాకీ దానికి మూడున్నర రెట్లు దాటుతుంది. నాకు అన్యాయంగా అనిపించేది ఆ నిష్పత్తే.

కోచ్‌ని పరిమితిలో కలిపిన చోటు కూడా ఉంది. యూరప్ ఫుట్‌బాల్ సంస్థ యూఈఎఫ్ఏ పోటీల్లో ఆడే క్లబ్బులకి జట్టు ఖర్చు నిష్పత్తి అని ఒక నియమం ఉంది. పైన ఆటగాళ్ల జీతాలు, హెడ్ కోచ్ జీతం, బదిలీ రుసుములో ఆ ఏడాది వాటా, ఏజెంట్ల కమిషన్లు. కింద క్లబ్బు ఆదాయం, ఆటగాళ్ల అమ్మకాల మీద మిగిలిన నికర లాభం. పైదాన్ని కిందిదానితో భాగిస్తే 70 శాతం దాటకూడదు. దీన్ని మెల్లగా బిగించారు: మొదట 90, తర్వాత 80, ఇప్పుడు 70. ప్రీమియర్ లీగ్ క్లబ్బులు కూడా 2026-27 నుంచి 85 శాతంతో ఇలాంటి నియమానికే ఓటేశాయి. ఇక్కడ మొత్తం మీద అందరికీ ఒకే గీత గీయలేదు, ఎవరి ఆదాయాన్ని బట్టి వాళ్ల గీత. చిన్న క్లబ్బుకి ఇది మేలు చేస్తుందా అన్నది వేరే చర్చ, నా మటుకు నాకు చేయదనే అనిపిస్తుంది.

బదిలీ రుసుము వాటా అంటే: 10 కోట్లకి కొని ఐదేళ్ల కాంట్రాక్టు ఇస్తే ఏడాదికి 2 కోట్లు ఖర్చు రాస్తారు. ఎనిమిదేళ్లు ఇస్తే కోటీ పాతిక లక్షలే. చెల్సీ ఈ దారిలో ఎనిమిదేళ్లకి పైబడిన కాంట్రాక్టులు ఇవ్వడంతో, యూఈఎఫ్ఏ 2023లో లెక్కకి ఐదేళ్లే హద్దు అని పెట్టింది. లెక్క తప్పితే పాయింట్లు పోతాయి. ప్రీమియర్ లీగ్ నష్టాల నియమం ప్రకారం ఎవర్టన్ మూడేళ్ల నష్టం 10.5 కోట్ల పౌండ్లు దాటకూడదు, 12.45 కోట్లు వచ్చింది. 2023 నవంబరులో 10 పాయింట్లు కోశారు, అప్పీలులో అది 6కి తగ్గింది.


ఈస్ట్‌స్టాండ్

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇప్పుడు అర్థమవుతోంది. అయితే ఇంకో సందేహం. తప్పు కోచ్‌ని తెచ్చుకుంటే ఇలా ఇరుక్కుంటారు సరే, తప్పు ఆటగాడిని కొంటే? అలాగే ఐపీఎల్‌లో మ్యాచ్ ఫీజు ఆ 120 కోట్లలోంచే ఇస్తారా?


మిడాన్

మ్యాచ్ ఫీజు వేరు. 2025 నుంచి ఆడిన ప్రతి మ్యాచ్‌కీ 7.5 లక్షల రూపాయలు. ఇంపాక్ట్ ప్లేయర్‌తో కలిపి మ్యాచ్‌కి 12 మంది, లీగ్ దశలో 14 మ్యాచ్‌లు. 7.5 లక్షలు × 12 × 14 అంటే 12.60 కోట్లు. జట్టుకి విడిగా పెట్టిన మొత్తం సరిగ్గా అంతే. వేలం పర్సు, ప్రదర్శన సొమ్ము, మ్యాచ్ ఫీజు మూడూ కలిపితే 2025కి ఒక్కో జట్టు పరిమితి 146 కోట్లు.

తప్పు ఆటగాడి సంగతి లీగుని బట్టి మారుతుంది. ఐపీఎల్‌లో బయటపడటం తేలిక. కోల్‌కతా 2025కి వెంకటేశ్ అయ్యర్‌ని 23.75 కోట్లకి తీసుకుంది, పర్సులో దాదాపు ఐదో వంతు. సీజన్ అయ్యాక విడుదల చేసింది, ఆ సొమ్ము పర్సులోకి తిరిగొచ్చింది. తర్వాతి వేలంలో బెంగళూరు ఆయన్ని 7 కోట్లకి తీసుకుంది.

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా కుదరదు. సంతకం బోనస్‌ని గరిష్ఠంగా ఐదేళ్ల మీద పరిచి లెక్క రాస్తారు. 5 కోట్ల బోనస్ అయితే ఏడాదికి కోటి. రెండేళ్లకి ఆటగాడిని వదిలేస్తే మిగిలిన 3 కోట్లు ఒక్కసారిగా పరిమితిలోకి వచ్చి పడతాయి. జూన్ 1 తర్వాత వదిలినట్టు చూపిస్తే రెండేళ్లకి సర్దుకోవచ్చు. డెన్వర్ 2024లో రస్సెల్ విల్సన్‌ని వదిలినప్పుడు ఇలాంటి చచ్చిన డబ్బు 8.5 కోట్ల డాలర్లు: ఆ ఏడాది 5.3, మరుసటి ఏడాది 3.2. ఎన్‌బీఏలో సాగదీసే సూత్రం ఉంది. మిగిలిన ఏళ్లని రెట్టింపు చేసి ఒకటి కలపాలి. 2025లో మిల్వాకీ డేమియన్ లిలార్డ్‌ని వదిలినప్పుడు రెండేళ్లు మిగిలి ఉన్నాయి, కాబట్టి ఐదేళ్లు. సుమారు 11.3 కోట్లు ఏడాదికి రెండు కోట్ల పాతిక లక్షల చొప్పున పరచుకుంది.

తేడా గమనించారా? ఈ అమెరికా లీగుల్లో ఆటగాడి విషయంలో తప్పు చేస్తే తర్వాతి సీజన్లలో జట్టు బలం తగ్గుతుంది. కోచ్ విషయంలో తప్పు చేస్తే పరిమితి మీద ఏ దెబ్బా పడదు, యజమాని జేబు మీద మాత్రమే పడుతుంది. అందుకే కోచ్ కాంట్రాక్టులు రాసేటప్పుడు అంత అజాగ్రత్త.


డగౌట్

పై జవాబుల్లో లెక్కలు సరైనవే గానీ ఒక కోణం తప్పిపోయింది. కోచ్‌ని తీసేస్తే 30 పోతుంది అని రాస్తాం, కానీ పూర్తి గ్యారంటీ, మినహాయింపు లేని కాంట్రాక్టులో ఆ 30 ఉంచినా కట్టాల్సిందే, పంపినా కట్టాల్సిందే. పంపడం వల్ల కొత్తగా పడే ఖర్చు కొత్త కోచ్ జీతం, ఆయన్ని ఇంకో క్లబ్బు నుంచి విడిపించే పరిహారం, పాత సహాయకుల బాకీ. నిర్ణయం ఈ మూడింటినే చూసి తీసుకోవాలి. ‘ఇంత కట్టాల్సి వస్తోంది కదా, ఇంకో ఏడాది ఉంచుదాం’ అనేవాళ్లు పోయిన డబ్బు కోసం ఇంకో సీజన్ కూడా పోగొట్టుకుంటారు.

మాంచెస్టర్ యునైటెడ్‌ది చూడండి. 2024 జూలైలో కోచ్ టెన్ హాగ్ కాంట్రాక్టుని 2026 దాకా పెంచారు, అక్టోబరు 28న తీసేశారు. ఆయన, ఆయన సిబ్బంది, స్పోర్టింగ్ డైరెక్టర్ నిష్క్రమణ అన్నీ కలిపి 1.45 కోట్ల పౌండ్లు. కొత్త కోచ్ అమోరిమ్‌ని పోర్చుగల్ క్లబ్బు స్పోర్టింగ్ నుంచి తేవడానికి ఇంకో 1.1 కోట్ల యూరోలు. ప్రీమియర్ లీగ్‌లో పట్టికలో ఒక్కో మెట్టుకి వచ్చే సొమ్ము 2023-24లో సుమారు 28 లక్షల పౌండ్లు. అంటే తీసేసిన ఖర్చు రాబట్టడానికే ఐదు మెట్లు ఎక్కాలి, తెచ్చిన ఖర్చుకి ఇంకో మూడు, నాలుగు. టెన్ హాగ్ వెళ్లినప్పుడు 14వ స్థానం. సీజన్ ముగిసేసరికి 15.

అలాగని ఎప్పుడూ దండగే అనను. 2021 జనవరిలో చెల్సీ లాంపార్డ్‌ని తీసి టుహెల్‌ని తెచ్చింది, మే నెలాఖరుకి ఛాంపియన్స్ లీగ్ గెలిచింది.

గిట్టుబాటు అయిందా అన్నదానికి అభిమాని చేసే తప్పు ఒకటుంది: తీసేసే ముందు ఐదు మ్యాచ్‌లు, తర్వాత ఐదు మ్యాచ్‌లు పోల్చడం. కోచ్‌ని తీసేది ఎప్పుడూ జట్టు అడుగుకి పడిపోయినప్పుడే. దురదృష్టం వల్ల పడిన భాగం ఎవరూ ఏమీ చేయకపోయినా తిరిగి లేస్తుంది. ఆ లేవడాన్ని కొత్త కోచ్ ఖాతాలో వేస్తాం. దీనికి బదులు ఇలా చూడండి. పాత కోచ్ చివరి 15 మ్యాచ్‌లు, కొత్త కోచ్ మొదటి 15 మ్యాచ్‌లు తీసుకోండి. గోల్స్ వదిలేసి, సృష్టించిన అవకాశాల విలువలోంచి ఇచ్చిన అవకాశాల విలువ తీసేయండి. ఎక్స్‌జీ (అవకాశాలని బట్టి రావాల్సిన గోల్స్ అంచనా) తేడా అంటారే, అదే. రెండు జాబితాల్లోనూ ఇంటా బయటా ఎన్నో, ప్రత్యర్థులు పట్టికలో ఎక్కడున్నారో పక్కన రాసుకోండి. గాయాలతో బయటున్న ముఖ్య ఆటగాళ్లని కూడా. పాయింట్లు పెరిగి ఎక్స్‌జీ తేడా కదలకపోతే అది ఇంకా అదృష్టమే. ఎక్స్‌జీ తేడా పెరిగి పాయింట్లు పెరగకపోతే ఆ కోచ్‌కి సమయం ఇవ్వొచ్చు. క్రికెట్‌లో ఈ పద్ధతి కుదరదు. 14 మ్యాచ్‌ల లీగ్‌లో టాస్, మంచు, ఒకరిద్దరి ఫామ్ మొత్తాన్ని తిప్పేస్తాయి. అక్కడ రెండు, మూడు సీజన్లు చూడకుండా కోచ్ మీద తీర్పు ఇవ్వడం నాకు నచ్చదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంగ్లండ్ లీగుల్లో ఏళ్ల తరబడి లెక్కలు తీస్తే, పట్టికలో స్థానాన్ని ఎక్కువగా నిర్ణయించేది ఆటగాళ్ల జీతాల మొత్తమే. కోచ్ ప్రభావం ఆ గీతకి అటూ ఇటూ జరిగే భాగంలో ఉంటుంది. జీతాల్లో 10వ స్థానంలో ఉన్న జట్టుని 7లో నిలిపిన కోచ్, మొదటి స్థానంలో ఉన్న జట్టుని 2లో నిలిపిన కోచ్ కంటే విలువైనవాడు. మనం మాత్రం రెండోవాడికే పెద్ద చెక్కు రాయిస్తాం.


ఫైన్‌ప్రింట్

డగౌట్ గారు చెప్పింది నిజం, ఒప్పుకుంటున్నాను. ఒక సవరణ మాత్రం: మినహాయింపు క్లాజు ఉన్నచోట ఆ లెక్క మారుతుంది. పంపేస్తే కోచ్‌కి కొత్త ఉద్యోగం వచ్చి బాకీ తగ్గొచ్చు, ఉంచితే తగ్గదు. అంటే కొన్నిసార్లు పంపడమే చవక.

ఈ అంకెలు మీరే చూసుకోవాలనుకుంటే దారులున్నాయి. అమెరికాలో ప్రభుత్వ యూనివర్సిటీల కోచ్ కాంట్రాక్టులు సమాచార చట్టాల కింద చాలా రాష్ట్రాల్లో బయటికొస్తాయి. ‘కారణం లేకుండా తొలగింపు’ అనే శీర్షిక దగ్గరికి నేరుగా వెళ్లండి. గ్యారంటీ, మినహాయింపు, వాయిదాలు మూడూ ఆ చుట్టుపక్కలే ఉంటాయి. కొన్నిసార్లు సవరణ పత్రాలు విడిగా ఉంటాయి, అవి చదవకపోతే పాత అంకెలే పట్టుకుని వాదిస్తాం. డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్నది కూడా ప్రకటనల్లో వెతకండి. ఫిషర్‌కి మొదటి పెద్ద వాయిదా దాతల సంస్థ దగ్గరున్న షరతుల్లేని నిధులనుంచి, మిగతావి క్రీడా విభాగం ఆదాయంనుంచి అని టెక్సాస్ ఏ అండ్ ఎం చెప్పింది.

ఇంగ్లండ్ క్లబ్బులు ఏటా ఖాతాలు దాఖలు చేస్తాయి, కంపెనీల రిజిస్టర్‌లో ఉచితంగా చదవొచ్చు. అందులో ‘అసాధారణ ఖర్చులు’ అనే పద్దు చూడండి. కోచ్ పరిహారం చాలాసార్లు అక్కడే ఉంటుంది, జీతాల పద్దులో ఉండదు. చెల్సీ 2018-19 ఖాతాల్లో కోచ్ ఆంటోనియో కాంటే, ఆయన సిబ్బంది నిష్క్రమణకి సంబంధించిన 2.66 కోట్ల పౌండ్లు అలాగే కనబడ్డాయి. అలాగే ‘ఏడాది ముగిసిన తర్వాతి సంఘటనలు’ అనే నోట్ కూడా చదవండి. ఖాతాల తేదీ జూన్ 30 అయి, కోచ్‌ని జూలైలో మార్చి ఉంటే, ఆ ఖర్చు మరుసటి ఏడాది అంకెల్లోకి వెళ్తుంది. ఇక్కడ మాత్రం ఒక వాక్యమే ఉంటుంది.